ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. కోనసీమలో పుట్టిన మనిషికి ఎంత కోపం వచ్చినా, అది నోటిదాకా వచ్చేసరికి దానికో ‘అండి’ తగులుకుంటుంది. "మీకు బుద్ధుందా అండి?" అని ఎవరినైనా తిట్టి చూడండి. తిట్టినట్టుండదు, క్షేమసమాచారం అడిగినట్టుంటుంది. అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఇరవయ్యేళ్ళకి పైగా లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. లైబ్రరీలో దొంగతనంగా చేగోడీలు తినే పిల్లల్ని కూడా అండీ పెట్టే గదమాయించాను. ఈ మర్యాద వల్ల నేనొకసారి నిలువునా మునిగాను. ఆ ముచ్చట ఇది.

మా లైబ్రరీలో కిటికీ పక్కన ఒక చెక్క ర్యాకు ఉంది. ఒకప్పుడు దాంట్లో జర్నళ్ళుండేవి. జర్నలంటే పరిశోధన చేసేవాళ్ళు తాము తెలుసుకున్నది రాసుకునే పత్రిక. పోస్టులో వచ్చేవి, ముద్ర వేసి పెట్టేదాన్ని. ఏ ఏడైనా చందా మానేస్తే కొత్తవి రావు గానీ పాతవి మన దగ్గరే పడి ఉండేవి. తర్వాత అన్నీ కంప్యూటర్లోకి వెళ్ళిపోయాయి, ర్యాకు ఖాళీ అయింది. ఇప్పుడు చందా కడితే కంపెనీవాళ్ళు ఒక లాగిన్ ఇస్తారు. మానేస్తే తలుపు వేసేస్తారు. కొత్తవీ ఉండవు, ఇన్నాళ్ళూ డబ్బు పోసి చదివిన పాతవీ ఉండవు. అదీ ఒక్కొక్కటి అమ్మరు, నలభై కలిపి ఒక ప్యాకేజీ. పులస చేప కావాలంటే బుట్టెడు పరిగెలు కూడా కొనాలన్నట్టు. మా ప్యాకేజీలో మంచు కొండల మీద పెరిగే నాచు గురించి ఒక జర్నలుండేది. మా ఊళ్ళో మంచంటే సోడాబండి మీద ఐసుగడ్డ, అంతే.

ఆ నలభైలో నిజంగా పనికొచ్చేది ఒకటి. దాన్ని చదివేది ఒకరు, జువాలజీ చెప్పే మేడం. ఐ.పోలవరం వైపు నుంచి రోజూ బస్సులో వస్తారు. రొయ్యల చెరువుల కుటుంబం. వాళ్ళ అన్నయ్యగారి చెరువు వరసగా రెండు పంటలు పోయింది. రొయ్యలు మొప్పలు నల్లబడి, మేత మానేసి, గట్టు వారకి వచ్చి చచ్చిపోయాయి. ఎందుకని అడిగితే మందులమ్మేవాళ్ళు తలో సీసా చేతిలో పెట్టారు గానీ, కారణం ఎవరూ చెప్పలేకపోయారు. చెల్లెలు దాని సంగతి తేల్చడానికే పీహెచ్‌డీలో చేరారు. యూనివర్సిటీవాళ్ళు రెండుసార్లు గడువు పెంచి, ఇంక పెంచమని కాగితం పంపించారు. వచ్చే జూన్‌లోగా థీసిస్ ఇవ్వకపోతే ఆరేళ్ళ కష్టం గోదావరిలో కలిసినట్టే. యూనివర్సిటీకి వెళ్ళి చదువుకుందామంటే రోజంతా ప్రయాణం, సెలవు దొరకదు. ప్రభుత్వ కాలేజీలకి సర్కారే జర్నళ్ళు కొనిపెట్టే పథకం వచ్చిందన్నారు. మాది ప్రైవేటు. పెళ్ళిభోజనం పక్కింట్లో, వాసన మనింట్లో.

"మన చందా ఆగిపోదు కదండీ?" అని ఆవిడ కార్తీకమాసంలో ఒకరోజు అడిగారు.

"నేనున్నాను కదండీ" అన్నాను. అనడానికేం, నోరే కదా.

ఆ వారంలోనే కంపెనీ నుంచి ఫోనొచ్చింది. బెంగళూరు నుంచి ఎవరో ఒకాయన. తెలుగు రాదు, అంతా ఇంగ్లీషే. మా లైబ్రరీలో సిగ్నలు అంతంతమాత్రం, కిటికీ ఊచలకి ఆనుకుని నిలబడితేనే మాట వినపడుతుంది. ఆయన ఊపిరి తీసుకోకుండా అరగంట మాట్లాడారు. అవతలి మనిషి అంత కష్టపడుతుంటే ఉలుకూపలుకూ లేకుండా ఉండటం మర్యాద కాదు గనక, నేను మధ్యమధ్యలో "ఆయ్... ఆయ్..." అంటూ ఉన్నాను.

బయటి జిల్లాలవాళ్ళ కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయ్ అంటే వింటున్నానని. చిత్తమని. మీరు చెబితే కాదంటానా అని. తర్వాతేమైందని. ఇంక ఫోను పెట్టేస్తే అన్నం తింటానని కూడా. ఒప్పుకున్నాననే అర్థం కూడా ఉంది, లేదనను. కానీ ఆ అర్థం వంతు వచ్చేసరికి చాలాసేపు పడుతుంది.

ధర పెరుగుతుంది అన్నారాయన. ఆయ్ అన్నాను. ఏటేటా పెరుగుతుంది, మూడేళ్ళకీ ఒకేసారి ఒప్పందం అన్నారు. ఇంకో ఆయ్ పడేశాను. చివర్లో "హూ విల్ అప్రూవ్ దిస్, మేడం?" అని అడిగారు. నేను "ఆయ్..." అని మొదలుపెట్టి, మా కరస్పాండెంటు గారిని అడిగి చెబుతానని పూర్తిచేసేలోపు, ఆయన "వండర్‌ఫుల్, థాంక్యూ మేడం" అని పెట్టేశారు. ఎందుకంత ఆనందపడ్డారో అర్థం కాలేదు. మంచి మనిషి పాపం అనుకుని క్యారేజీ విప్పుకున్నాను.

వారం తిరక్కుండా మెయిలు వచ్చింది. దాంట్లో ఉన్నదాని సారాంశం ఇది: కొత్త ధరలకి మూడేళ్ళ ఒప్పందాన్ని లైబ్రేరియన్ గారు ఫోనులో అడుగడుగునా ఆమోదించారు. ఎవరు అనుమతిస్తారని అడిగితే, తడుముకోకుండా "ఐ" అన్నారు. ఐ అంటే ఇంగ్లీషులో నేను. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది. ఆడవాళ్ళు పైకి అనకూడదంటారు గనక అనడం లేదు, కానీ నాకు అయిందదే.

కరస్పాండెంటు గారంటే మా కాలేజీని నడిపే పెద్దాయన. కొబ్బరి వ్యాపారంలో గడించి, ఊళ్ళో నలుగురిని కూడగట్టుకుని కాలేజీ పెట్టారు. ఆయన కబురంపితే వెళ్ళాను. బల్ల మీద ఆ మెయిలు కాగితం, దాని మీద కళ్ళజోడు.

"ఏవండీ మేడం గారూ, మూడేళ్ళకి ఒప్పేసుకున్నారంట?"

"లేదండి. నేను ఆయ్ అన్నానండి, అంతే."

"ఆయ్ అంటే వాళ్ళెందుకు రాసుకున్నారండి?"

"వాళ్ళకి ఐ అని వినపడిందంటండి."

ఆయన కాసేపు నా మొహంలోకి చూశారు. నవ్వాలో కేకలెయ్యాలో తేల్చుకోలేక, చివరికి మజ్జిగ తెప్పించారు. మజ్జిగ తాగుతూ అసలు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చెప్పమన్నారు.

"ఇయ్యన్నీ ఎవరు రాస్తారండి?"

"మన జువాలజీ మేడం లాంటివాళ్ళేనండి."

"వాళ్ళకేవిస్తారు?"

"ఏవీ ఇవ్వరండి."

"తప్పొప్పులు చూసేదెవరు?"

"వేరే కాలేజీల మేష్టర్లండి. వాళ్ళూ ఊరికేనే చూస్తారు."

"మరి కంపెనీవోళ్ళు ఏం చేస్తారండి?"

"మనకి అమ్ముతారండి. ఆయ్."

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "తోట మనది, కాయ మనది, దింపు కూలీ మనది. తీసుకెళ్ళి మనకే అమ్ముతాడా? ముప్ఫయ్యేళ్ళు కొబ్బరి వ్యాపారం చేసేను, ఈ తెలివి నాకు తట్టలేదండి! పైగా కొబ్బరికాయ రేటు ఓ ఏడు పెరుగుతాది, ఓ ఏడు పడిపోతాది. వీళ్ళ రేటు ఎప్పుడూ పైకేనా? అదీ కాగితం ముక్క చేతికివ్వకుండా?" సొమ్మొకడిది సోకొకడిది అనే సామెత ఇంత వివరంగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఒప్పందం రద్దు చెయ్యమని రాశాం. ఫోను రికార్డయింది, మీ గొంతే సాక్ష్యం అని జవాబు. అయితే ఆ రికార్డు అందరి ముందూ వినిపించమన్నాను. ఆ మెయిలులో మాత్రం ఎక్కడా అండి పెట్టలేదు. ఇంగ్లీషులో ఆ సుఖం ఉంది.

ప్రిన్సిపాలు గారి గదిలో పెద్ద తెర పెట్టారు. తెర మీద ఫోను చేసినాయన, ఆయన పై మేనేజరు. ఇటు పక్క ప్రిన్సిపాలు గారు, కరస్పాండెంటు గారు, నేను. రికార్డు మొదలైంది. నా గొంతు నేను వినడం అదే మొదటిసారి. వరసగా ఆయ్, ఆయ్, ఆయ్. కచేరీలో తాళం వేసేవాళ్ళు కూడా అంత శ్రద్ధగా వెయ్యరు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆఖరి ‘ఆయ్’ దగ్గర ఆపి, ఇది ఐ కాకపోతే మరేమిటి అన్నట్టు మేనేజరు చేతులు చాపారు. తర్వాత ఒప్పందం ఎందుకు లాభమో ఆయనే ఇంగ్లీషులో వివరించడం మొదలుపెట్టారు. నలభై జర్నళ్ళు, ఎక్కడినుంచైనా చదవొచ్చు, ఆలస్యమైతే ధర ఇంకా పెరుగుతుంది.

కరస్పాండెంటు గారు కుర్చీలో ముందుకి వంగి, చాలా మర్యాదగా వింటున్నారు. "ఆయ్" అన్నారు. కాసేపాగి, "ఆయ్... ఆయ్."

మేనేజరు టక్కున ఆగి, మొహం చేటంత చేసుకుని, "థాంక్యూ సర్! సో యూ ఆల్సో కన్‌ఫర్మ్?" అన్నారు.

ముందు ప్రిన్సిపాలు గారు నవ్వేశారు. ఆయన ఫిజిక్సు మేష్టారు, ఏడాదికి ఒకసారి నవ్వుతారు. తర్వాత కరస్పాండెంటు గారు పొట్ట పట్టుకున్నారు. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు, కొంగు మాత్రం తడిసింది. అవతలివాళ్ళు బిత్తరపోయి చూస్తున్నారు. ఆయ్ అంటే ఏమిటో ప్రిన్సిపాలు గారు ఇంగ్లీషులో పాఠం చెప్పినట్టు చెప్పారు. మేనేజరు అంతా విని, పాపం న్యాయమైన ప్రశ్నే అడిగారు: మరి మీరు నిజంగా ఒప్పుకున్నప్పుడు ఏమంటారు?

మేం ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. ఎంత ఆలోచించినా మాట తట్టలేదు. ‘అలాగేలెండి’ అంటే వద్దని. ‘చూద్దాం లెండి’ అంటే అస్సలు వద్దని.

"ఒప్పుకుంటే ఏవీ అనవండి" అన్నారు కరస్పాండెంటు గారు. "బయానా చేతిలో పెడతాం. బయానా పడేదాకా అన్నీ ఆయ్‌లేనండి." ప్రిన్సిపాలు గారు దాన్ని తర్జుమా చేశారు. బయానా అంటే అడ్వాన్సు అని చెప్పగానే మేనేజరుకి వెంటనే బోధపడింది. వ్యాపారస్తుడు కదా. ఒప్పందం రద్దు చేస్తున్నామని ఆ సాయంత్రమే మెయిలు వచ్చింది.

గెలిచామని కాలేజీ అంతా నవ్వుకున్నారు. పిల్లలు నన్ను చూస్తే చాలు ఆయ్ మేడం అని దణ్ణాలు పెట్టేవాళ్ళు. నేనూ రెండు రోజులు గాల్లో తేలాను. మూడోరోజు జువాలజీ మేడం వచ్చి, నా బల్ల ముందు నిలబడి, "అయితే మన జర్నలు ఆగిపోయినట్టేనా అండీ?" అన్నారు.

అప్పుడు దిగాను నేలకి. ఒప్పందం లేదంటే చందా లేదు. చందా లేదంటే కొత్త సంవత్సరం నాడు తలుపు మూస్తారు. ఆ ఒక్క జర్నలూ విడిగా ఇమ్మని కంపెనీని బతిమాలాను. ఇస్తామన్నారు, కానీ ఆ ఒక్కదాని ధర దాదాపు ప్యాకేజీ అంత. కాగితం పట్టుకుని కరస్పాండెంటు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "చూద్దాం లెండి మేడం గారూ" అన్నారు. ఆ మాటకి అర్థం ఇందాకే చెప్పాను.

జనవరి ఒకటిన పిల్లలు గులాబీలూ కేకు ముక్కలూ పట్టుకుని లైబ్రరీకి వచ్చారు. నేను కంప్యూటరు తెరిస్తే తలుపు మూసేసి ఉంది. మధ్యాహ్నం మేడం వచ్చారు. మూలనున్న కుర్చీలో కూర్చుని, ఇంకా చదవాల్సిన వ్యాసాల పేర్లు నోటుబుక్కులో వరసగా రాసుకున్నారు. ముప్ఫయ్యొకటి. తిట్టినా బాగుండేది. ‘నేనున్నాను కదండీ’ అన్న నా మాట నాకే ముల్లులా గుచ్చుకుంది. నామీద నాకు అసహ్యం వేసింది, కంపెనీ మీద ఒళ్ళు మండింది. మూడేళ్ళ ఒప్పందానికి నిజంగానే ఒప్పుకుని ఉంటే ఈవిడ పనైనా జరిగేది కదా అని కూడా అనిపించింది.

రాత్రంతా ఆలోచించగా, తెల్లారేసరికి తట్టింది. ఈ వ్యాసాలు రాసినవాళ్ళకి కంపెనీ ఒక్క పైసా ఇవ్వదని కరస్పాండెంటు గారికి చెప్పింది నేనే. పైసా రానివాళ్ళకి అడిగితే పంపడానికి అడ్డేముంటుంది? ప్రతి వ్యాసం మొదట్లో ఉన్న సారాంశం ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. రాసినవాళ్ళ మెయిలు అడ్రసు అక్కడే ఉంటుంది. ఇన్నేళ్ళు లైబ్రేరియన్‌గా ఉండి ఇది పదిహేను రోజుల ముందు తట్టలేదంటే నన్నేమనాలో మీరే అనండి.

"ముక్కూమొహం తెలీని పెద్దపెద్ద సైంటిస్టులండి. మనం అడిగితే ఏవనుకుంటారో" అన్నారు మేడం.

"అడగందే అమ్మైనా పెట్టదండి. రాయండి" అన్నాను. ఆ రోజు నా గొంతులో కోపం మొదటిసారి అండీని దాటి బయటికొచ్చిందనుకుంటాను. ఆవిడ వెంటనే కూర్చుని రాశారు.

ఏం రాశారనుకున్నారు! ఇంగ్లీషులో కూడా కోనసీమే. తమరి అమూల్యమైన సమయాన్ని వృథా చేస్తున్నందుకు క్షమించమని, తమరికి వీలుంటేనే, ఇబ్బంది లేకుంటేనే, తొందరేమీ లేదని. తొందర లేదన్న ముక్క నేను కొట్టేశాను. ముప్ఫయ్యొక్క మెయిళ్ళు వెళ్ళాయి.

మొదటి జవాబు మర్నాడు పొద్దున్నే, ఎక్కడో చలిదేశం నుంచి. వ్యాసం జతచేసి, ఇంత మర్యాదైన ఉత్తరం తన ఉద్యోగంలోనే చూడలేదని రాశారాయన. పైగా మీ చెరువుల్లోకి పోటు నీరు వచ్చినప్పుడు ఉప్పు ఎంత పెరుగుతుందని ఎదురు ప్రశ్న. మేడం అన్నయ్యగారికి ఫోను చేస్తే, ఆయన చెరువుగట్టు మీంచే కొలిచి చెప్పారు. తర్వాత రోజుకి ఒకటీ రెండూ వస్తూ పోయాయి. ఒక పెద్దాయన చనిపోయారట, ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయి వెతికి పంపించింది. ఫిబ్రవరి అయ్యేసరికి రెండు తప్ప అన్నీ వచ్చాయి. ఆ రెండూ లేకపోయినా పని నడిచింది. జూన్‌లో, గడువు ఇంకా నాలుగు రోజులుందనగా థీసిస్ ఇచ్చేశారు.

థీసిస్‌లోంచి ఒక వ్యాసం తయారుచేసి ఏ జర్నలుకి పంపారో మీరు ఊహించే ఉంటారు. తీసుకున్నారు కూడా. అచ్చుకి ముందు సరిచూసుకోమని ప్రూఫులు వచ్చినప్పుడు మాత్రం చిన్న గొడవైంది. ఐ.పోలవరం అన్న చోటల్లా వాళ్ళు ఆ ‘ఐ’ కొట్టేశారు. శాస్త్రవ్యాసంలో ‘నేను’ అనకూడదట, పొరపాటున పడిందనుకున్నారట! ఐ తీసేస్తే ఊరు ఊరే మారిపోతుంది, పోలవరం ఎక్కడ, ఐ.పోలవరం ఎక్కడ. నాకు నవ్వాగలేదు. నేను అనని ఐ రాసుకున్నారు, ఈవిడ రాసిన ఐ కొట్టేశారు. మేడం మాత్రం నవ్వలేదు. ఇది మనిషి కాదు, ఊరు, దయచేసి తిరిగి పెట్టమని మూడు మెయిళ్ళు రాసి మరీ పెట్టించారు.

వ్యాసం వెలువడిన వారానికి వాళ్ళ అన్నయ్యగారు లైబ్రరీకి వచ్చారు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, చెప్పులు గుమ్మం బయటే విప్పి వచ్చారు. చెల్లెలు రాసింది చూడాలన్నారు. మేడం క్లాసులో ఉన్నారు. నేను ఉత్సాహంగా కంప్యూటరు తెరిచి పేరు కొట్టాను. పేరు కనపడింది. కింద నొక్కితే, చదవాలంటే ఇంత కట్టండి అని తెర అడిగింది. డాలర్లని ఆయనకి రూపాయల్లో చెప్పాను.

"మేత బస్తా ఖరీదు పైనేనండి బాబూ!" అన్నారు. తర్వాత, నిజంగా తెలీక అడిగినట్టు, "పోయింది మా చెరువు. చచ్చినయ్యి మా రొయ్యలు. రాసింది మా చెల్లి. చదువుకోడానికి మేవే కట్టాలా అండి?"

ఆయన ముఖం చూస్తే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. రేపు ఇదే వేళకి రమ్మని చెప్పి పంపాను. మేడం దగ్గర ఆవిడ సొంత ప్రతి ఉంది, జర్నలుకి పంపడానికి రాసుకున్నది. అది ప్రింటు తీయించి, బజార్లో బైండింగు చేయించి, నీలం అట్ట వేయించి, లైబ్రరీ ముద్ర వేశాను. ఖాళీ చెక్క ర్యాకు తడిగుడ్డతో తుడిచి, నడిమి అరలో, అందరికీ కనపడేలా పెట్టాను. ఆ ర్యాకులో జర్నలుండి ఎన్నేళ్ళయిందో.

మర్నాడు ఆయన వచ్చి దాన్ని రెండు చేతులతో తీసుకున్నారు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలరు గానీ చదవలేరు. వేలు పెట్టి ఒక్కో లైనూ దిగుతూ, మూడో పేజీలో ఆగారు.

"ఇదుగోనండి. ఐ. పోలవరం." మళ్ళీ చదివారు. "మా చెరువు పోయిన సంగతి ఇక్కడ రాసేరా అండి?"

"రాసేరండి. ఎందుకు పోయిందో కూడా రాసేరు."

ఆయన వేలు ఆ లైను మీదే ఉంచి, "ఇది ఇక్కడే ఉంటాదా అండి? మళ్ళీ జనవరికి తీసేస్తారా?" అని అడిగారు.

"ఆయ్, ఇక్కడే ఉంటాదండి."

ఆయన కళ్ళు తుడుచుకుని చిన్నగా నవ్వారు. నా కథ ఐ.పోలవరం దాకా వెళ్ళిందన్నమాట. "మీ ఆయ్‌ని నమ్మొద్దన్నారండి మా చెల్లి. మరి బయానా ఏదండి?"

నేను సొరుగు లాగి, బయటివాళ్ళకిచ్చే మెంబరు కార్డు ఒకటి తీసి, ఆయన పేరూ ఊరూ రాసి, ఐ దగ్గర చుక్క గట్టిగా పెట్టి, చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని, మళ్ళీ మూడో పేజీ తీశారు.